పెద్దమ్మ కుట్టిన హెల్మెట్

చీమకుర్తి,
జూన్ 16.

పెద్దమ్మకు మెహర్ సలాం.

ఈ ఉత్తరం ఈ పూటే రాయాలి. రేపు పొద్దున సుభానీ అన్న రాళ్ళ లోడుతో మార్టూరు వస్తున్నాడు. నిన్న సాయంత్రం నేను క్వారీ వెనక పాత డంపు మీద నుంచి సైకిలు మీద దిగుతుంటే అన్న చూశాడు. లారీ ఆపి, తల బయటపెట్టి, "ఒసేయ్ మెహరూ, ఆగవే! చస్తావే!" అని అరిచాడు. అది ఆగే చోటు కాదు, అందుకని ఆగలేదు. కిందికి వచ్చాక ఎంత చెప్పినా వినలేదు. అతను ఇంటికి చేరి నీకు చెప్పేసరికి ఆ డంపు ఎంత ఎత్తు పెరుగుతుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. ముందు ఇది చదువు, తర్వాత నీ కొడుకు మాట విను.

ఇక్కడ పనికిరాని రాయిని టిప్పర్లతో తెచ్చి పోసీ పోసీ గుట్టలు చేశారు. మిరపచేల మధ్య పెరిగిన నాకు అవే కొండలు. సర్వే పనిలో చేరినప్పటి నుంచి ఆ గుట్టల ఎత్తూ వాలూ కొలవడమే నా ఉద్యోగం. కొలుస్తూ కొలుస్తూ, దీని మీద నుంచి సైకిలు మీద దిగితే ఎలా ఉంటుందా అనుకునేదాన్ని. ఒంగోలులో సైకిళ్ళ షాపున్న హయాత్ గారు ఒకప్పుడు కొండల్లో సైకిలు పందేలకు తిరిగినవారు. ఆదివారాలు నలుగురైదుగురికి నేర్పుతారు. అందులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. బండి వాళ్ళ క్లబ్బుదే. లారీలు తిరగని ఆ ఒక్క డంపు మీద తొక్కుకోవడానికి మా మేనేజరు గారు ఒప్పుకున్నారు.

ఈ పందేన్ని ఎండ్యూరో అంటారు. కొండ ఎక్కేటప్పుడు టైము లెక్కపెట్టరు, చెప్పిన వేళకు పైకి చేరితే చాలు. దిగేటప్పుడు మాత్రం లెక్కపెడతారు. అలా ఒక్క రోజులో నాలుగైదు దిగుళ్ళు ఉంటాయి. ఈ ఏడాది మూడు పందేలున్నాయి. సెప్టెంబరులో హార్స్‌లీ కొండల దగ్గర, నవంబరులో కూర్గు వైపు, జనవరిలో అరకు దగ్గర. మూడింట్లో రెండైనా పూర్తి చేసిన వాళ్ళనే వచ్చే ఏడాది క్లబ్బు జట్టులోకి తీసుకుంటారు. నాకు ఆ జట్టులో చోటు కావాలి పెద్దమ్మా. డిప్లొమా పరీక్షల తర్వాత ఇంతగా ఏదీ కావాలనుకోలేదు.

అమ్మకీ నాన్నకీ చెప్పలేదు. ఆరో తరగతి నుంచి నీ ఇంట్లో, నీ చేతి కూడు తిని చదువుకున్నాను. నువ్వు సరే అంటే వాళ్ళూ సరే అంటారు. ఫోను చేస్తే నీకు వినపడదు. నేను అరిచి చెబితే హాస్టలంతా వింటుంది. కాబట్టి నువ్వూ రాయాలి. పెదనాన్నకు నా సలాం చెప్పు.

నీ
మెహర్


మార్టూరు,
జూన్ 25.

మెహర్‌కు పెద్దమ్మ దువా.

ముందు నీ ఉత్తరం చదవమన్నావు. ఎట్టా చదవనిస్తాడే వాడు? లారీ దిగుతూనే చేతులూపుకుంటూ మొదలెట్టాడు. నోటితో చెబితే నాకు వినపడేది కాదు. ఒక చేత్తో కొండని, ఇంకో చేత్తో నిన్ను పెట్టి చూపించాడు. పై చెయ్యి కింద పడ్డప్పుడు నా గుండె కూడా పడింది. తరవాత ఉత్తరం చదువుకున్నా. రెండోసారి చదివాక కాస్త కుదుటపడ్డా. అందుకే నాకు ఉత్తరమే మేలు. దూది ఏకుడు మిషను పక్కన కూర్చుని కూర్చుని చెవులు పోయినా, నీ వాచకం పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు పోలా.

నాకు తెలవక అడుగుతా. ఎక్కినదానికి లెక్క లేదంట, దిగినదానికి లెక్కంట. కష్టపడ్డదానికి మార్కులు ఇవ్వకుండా జారిందానికి మార్కులిచ్చే పరీక్ష ఏందే అది? ఇందుకా నిన్ను చదివించింది?

మీ పెదనాన్నని అడిగితే, "పిల్ల చదువుకుంది, దానికి తెలవదా" అన్నాడు. చదువుకున్నోళ్ళకి ఎముకలు ఉండవా అన్నా. అంతే, మీ పెదనాన్న బుడాన్ గారు మళ్ళీ దూది ఏక్కుంటా కూర్చున్నారు. నీ తరఫున ఒక్కమాట అని తప్పుకోవడం ఆయనకి అలవాటేగా.

రెండు రోజులు ఆలోచించా. బడికి పంపేటప్పుడు కూడా ఆడపిల్ల ఒక్కతే రోడ్డు దాటాలని జనం భయపెట్టారు. అప్పుడు వినలా. ఇప్పుడు మాత్రం ఎట్టా వింటా? మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాలే. కానీ నాకు ఒక్క మాట ఇయ్యాలి. పడితే చెప్పాలి. చిన్నగా గీరుకున్నా సరే, చెప్పాలి. ఈ చెవులకి ఎట్టాగూ సగమే పడతది. నువ్వు కూడా సగమే చెబితే ఇంక నాకు మిగిలేది ఏంది?

నీ పెద్దమ్మ
ఖుర్షిదా


చీమకుర్తి,
ఆగస్టు 3.

పెద్దమ్మా, సలాం.

మాట ఇచ్చాను కాబట్టి అదే ముందు చెబుతున్నాను. పోయిన ఆదివారం పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, అంతే. వాన పడితే ఇక్కడి రాతిపొడి వెన్నలా అయిపోతుంది. ముందు బ్రేకు కొంచెం గట్టిగా పట్టాను, చక్రం పక్కకు జారింది. హయాత్ గారు నన్ను లేపలేదు. ముందు బండి లేపి చూశారు. "బండి బాగానే ఉందమ్మా, నువ్వు కూడా లే" అన్నారు.

ఆయన నేర్పే పద్ధతి ఇది. మొదటి నెలంతా దిగనివ్వలేదు. బండి మీద కూర్చోకుండా, పెడళ్ళ మీద నిలబడి, మోకాళ్ళు వంచి, క్వారీ రోడ్డు మీద అటూ ఇటూ తొక్కించారు. బ్రేకు మీద ఒక్క వేలే ఉండాలి. కళ్ళు చక్రం మీద ఉండకూడదు, ముందున్న మలుపు మీద ఉండాలి. "రాయిని చూస్తే రాయి మీదకే పోతావు. రాయి పక్కన దారిని చూడు" అంటారు. చెప్పడానికి తేలిక. ఎదురుగా బీరువా అంత రాయి కనబడుతుంటే కళ్ళు దాన్ని వదలవు. నెలన్నర పట్టింది నాకు.

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇప్పుడు తెలిసింది. ఎక్కడం వల్ల కాళ్ళు అలిసిపోతాయి. ఆ అలిసిన కాళ్ళతో దిగాలి. ఎక్కినదానికి మార్కులు దిగేటప్పుడే పడతాయి.

పాలిష్ షెడ్డులో పనిచేసే ఒడిశా వాళ్ళు ఆదివారం బట్టలు ఉతుక్కుంటూ మమ్మల్ని చూస్తుంటారు. నేను చివరి మలుపు దాటగానే బకెట్ల మీద డప్పు కొడతారు. పడినరోజు ఇంకా గట్టిగా కొట్టారు.

ఒక్కటే ఇబ్బంది. మోకాళ్ళకు కట్టుకునే ప్లాస్టిక్ చిప్పలు లోపల ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. అదే తగ్గితే ఇంకేమీ అక్కర్లేదు.

నీ
మెహర్


మార్టూరు,
ఆగస్టు 14.

మెహర్‌కు దువా.

సుభానీ చేతికి ఒక మూట ఇచ్చా. అందులో మోకాళ్ళకి రెండు మెత్తలు, మోచేతులకి రెండు. లోపల మామూలు పత్తి కాదు, బూరుగు దూది. పెళ్ళికూతురి దిండ్లకి వాడేది. పలచగా పరిచి, గళ్ళు గళ్ళుగా కుట్టా. ఒకచోట చేరి గడ్డ కట్టదు. నీ చిప్పల కింద పెట్టుకో. కొలత ఎట్టా తెలిసిందా అంటావేమో. నీ మోకాలు నాకు తెలవదా?

మోచెయ్యి సంగతి చెప్పావు, అది మంచిపని. మీ పెదనాన్న మాత్రం ఆ బకెట్ల డప్పు దగ్గర ఉత్తరం ఆపించి మళ్ళీ చదివించుకున్నాడు. పగలబడి నవ్వాడు. పడ్డదానికి డప్పు కొడితే నవ్వేదేంది అని కసిరా. మళ్ళీ మిషను దగ్గరకి పోయి నవ్వుకున్నాడు.

పెద్దమ్మ


చీమకుర్తి,
సెప్టెంబరు 24.

పెద్దమ్మా, సలాం.

మొదటి పందెం పూర్తి చేశాను! ఆడవాళ్ళ విభాగంలో పదకొండుమందిమి. నాకు ఆరో స్థానం వచ్చింది. హయాత్ గారు మొదటిసారి నా భుజం తట్టారు.

హార్స్‌లీ కొండల్లో పొద్దున్నే మంచు. మన దగ్గర ఎర్రటి ఎండలో రాతిపొడి మింగినదాన్ని, అక్కడ ఊపిరి పీలిస్తే చల్లటి నీళ్ళు తాగినట్టుంది. బెంగుళూరు నుంచి, పూనా నుంచి వచ్చిన అమ్మాయిలున్నారు. వాళ్ళ బళ్ళు చూసి నా బండిని చెట్టు వెనక పెట్టాను. ఒకమ్మాయి నా మోకాలి మెత్తలు పట్టుకుని చూసి, "ఇవి ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగింది. మా పెద్దమ్మ దగ్గర అన్నాను. ఆ అమ్మాయి అది షాపు పేరనుకుంది. పుండ్లు పూర్తిగా పోయాయి పెద్దమ్మా. రోజంతా తొక్కినా చర్మం కందలేదు.

మొదటి రెండు దిగుళ్ళు బాగా వచ్చాయి. నాలుగోది అడవిలో వేర్ల మీద నుంచి, అది మరీ బాగా వచ్చింది. మొత్తానికి క్షేమంగా ఉన్నాను.

దసరా సెలవులకు ఇంటికి వస్తాను. ఉతకాల్సినవన్నీ పట్టుకొస్తాను, తిట్టకు.

నీ
మెహర్


మార్టూరు,
నవంబరు 4.

మెహర్‌కు దువా.

నువ్వు ఉతకమని వదిలిపోయిన హెల్మెట్టు సుభానీ చేతికిచ్చి పంపుతున్నా. ఆలస్యం అయింది. తుపానుకి అంతా తడిసి ఏదీ ఆరి చావలా. మీ నాన్న చేలో పత్తి కూడా నల్లబడింది. మిషను రెండు వారాలు ఆపేశాం. పందెం ముందురోజుకైనా నీకు అందిద్దని సుభానీ చెప్పాడు. అందకపోతే వాడి చెవులు కూడా నా చెవుల్లాగా చేస్తానని చెప్పా.

లోపల కొత్తగా కుట్టా. ఏం చేశానో ఇప్పుడు చెప్పను. తలకి పెట్టుకుని నువ్వే చెప్పు. మోకాళ్ళకి అంత సుఖం ఇచ్చినప్పుడు తలకి ఇయ్యనా?

నిన్ను ఒకటి అడగాలి. ఇప్పుడొద్దులే. పందెం అయ్యాక అడుగుతా.

పెద్దమ్మ


చీమకుర్తి,
నవంబరు 12.

పెద్దమ్మకు సలాం.

క్షేమంగా తిరిగి వచ్చాను. రెండో పందెంలో దిగలేదు. బయలుదేరే ముందు ఒక లోపం బయటపడింది, సమయానికి సరిచేయడం కుదరలేదు. అరకు పందెం ఉంది కదా, అందులో చూసుకుంటాను.

హెల్మెట్ మెత్తగా ఉంది.

పెదనాన్న దగ్గు తగ్గిందా? ఇక్కడ చలి మొదలైంది.

మెహర్


మార్టూరు,
నవంబరు 18.

మెహర్,

నీ ఉత్తరం చేతిలో పెడితే నాలుగు ముక్కలు. బండిలో లోపమైతే ఏ బోల్టో, ఏ గొలుసో, నాకు అర్థం కాకపోయినా రెండు పేజీలు రాసేదానివి. మీ పెదనాన్న దగ్గు అడిగావు. ఆయనకి దగ్గెప్పుడొచ్చింది?

సుభానీని అడిగా. "నాకేం తెలుసు" అని ముఖం తిప్పుకుని అన్నం తిన్నాడు. వాడు ఒక సంగతి తెలిసి చెప్పకుండా ఉన్నాడంటే అది మామూలు సంగతి కాదు.

ఇంక నేను దాచుకున్నది అడుగుతా. హెల్మెట్టు మెత్తలు ఉతకడానికి తీస్తే, లోపల తెల్లటి థర్మాకోల్ కుడి పక్కన పగిలిపోయి ఉంది. వేలు పెడితే పెళ్ళ ఊడి చేతికొచ్చింది. థర్మాకోల్ ఊరికే పగలదు. నువ్వు పడ్డావు. తల తగిలేట్టు పడ్డావు. నాకు రాయలా. అప్పుడే అడుగుదామనుకున్నా. పందెం ముందు పిల్ల మనసు చెడగొట్టడం ఎందుకులే అనుకుని నోరు మూసుకున్నా. ఆ పగిలినదంతా దబ్బనంతో తవ్వి తీసేసి, బూరుగు దూది దట్టంగా కూరి, పైన మల్లు గుడ్డ వేసి కుట్టా. ఈసారి పడ్డా తలకి దెబ్బ తగలకూడదని.

ఇప్పుడు చెప్పు. ఎప్పుడు పడ్డావు? రెండో పందెం ఎందుకు పోయింది? హెల్మెట్టు మెత్తగా ఉందని ఒక్క మాటతో ఎందుకు ఆపావు?

ఖుర్షిదా


చీమకుర్తి,
నవంబరు 23.

పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దాయకుండా మొత్తం రాస్తున్నాను.

హార్స్‌లీలో మూడో దిగుడులో పడ్డాను. నా ఉత్తరంలో రెండు దిగుళ్ళ తర్వాత నాలుగోదానికి వెళ్ళిపోయాను, నువ్వు గమనించలేదనుకున్నాను. ఎడమకు తిరగాల్సిన చోట ఆలస్యంగా తిరిగి, బండితో సహా బండమీద పడ్డాను. తల కుడివైపు తగిలింది. లేచి, తొక్కి, పూర్తి చేశాను. తలనొప్పి కూడా రాలేదు. హెల్మెట్ లోపల పగులు చూశాను, నీ కంటపడినా దాని అర్థం నీకు తెలియదనుకున్నాను. హయాత్ గారికి చెబితే ఇక తొక్కనివ్వరేమోనని చెప్పలేదు. నీకు రాస్తే వద్దంటావని రాయలేదు. నీకిచ్చిన మాట తప్పాను.

కూర్గులో జరిగింది ఇది. సుభానీ అన్న హెల్మెట్ తెచ్చేసరికి మేము బస్సెక్కుతున్నాం. బస్సులో తీసి చూశాను. లోపల తెల్లటి గుడ్డ, నీ గళ్ళ కుట్టు. మెత్తలకు కొత్త గుడ్డ వేశావనుకున్నాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే మన ఇంటి వాసన వచ్చింది. పందెం పొద్దున ప్రతి ఒక్కరి హెల్మెట్‌నూ తనిఖీ చేస్తారు. ఒక పెద్దావిడ నాది తీసుకుని బొటనవేలితో లోపల నొక్కింది. వేలు లోపలికి పోయింది. ఇంకోచోట నొక్కింది. అక్కడా పోయింది.

"ఇది దిండమ్మా, హెల్మెట్ కాదు. ఎవరు చేశారిది?" అంది.

లైన్లో వెనకున్న వాళ్ళు నవ్వారు. నేనే చేసుకున్నానని చెప్పాను. "చదువుకున్నదానిలా ఉన్నావు, ఈ మాత్రం తెలీదా?" అంది. తెలీదండి అన్నాను. అప్పు తెచ్చుకోవడానికి అంత చిన్న సైజు హెల్మెట్ ఎవరి దగ్గరా అదనంగా లేదు. నన్ను పక్కకు నిలబెట్టారు. అందరూ కొండెక్కి వెళ్ళిపోయారు.

హయాత్ గారు హెల్మెట్ తిప్పి తిప్పి చూశారు. నీ మీద ఒక్క మాట కూడా అనలేదు. "దీన్ని కుట్టినావిడ పగులు చూసి బాగుచేయాలనుకుంది. పగిలిన రోజే నువ్వు నాకు చూపిస్తే దీన్ని చెత్తలో పడేసి కొత్తది ఇచ్చేవాణ్ణి. పగులు దాచింది నువ్వు" అన్నారు. అది నిజం.

ఆ థర్మాకోల్ సుఖానికి పెట్టింది కాదు పెద్దమ్మా. దెబ్బ తగిలినప్పుడు తల బదులు అది నలిగిపోతుంది. ఒక్కసారికే పనికొస్తుంది. నలిగిందంటే దాని పని అది చేసినట్టు. దూది నలగదు, అణిగిపోయి దెబ్బని తలదాకా పోనిస్తుంది. హార్స్‌లీలో నన్ను కాపాడింది ఆ పగులే.

నీకు ఇది రాయకూడదనుకున్నాను. నువ్వు నన్ను తిడతావని కాదు. నిన్ను నువ్వు తిట్టుకుంటావని.

నీ
మెహర్


మార్టూరు,
డిసెంబరు 9.

మెహర్‌కు దువా.

ఇన్నాళ్ళు రాయలా. రాయడానికి చెయ్యి రాలా.

నీ ఉత్తరం చదివి ముందు నమ్మలేదు. దూది దెబ్బ ఆపదా? మూడు తరాలుగా మనం బతికింది దానిమీద. మిద్దె మీద నుంచి పడి పరుపు మీద బతికిన పిల్లల్ని నేను చూశా. అందుకని ఒక సొరకాయ తెచ్చి, నీ హెల్మెట్టులో కుక్కినంత దూదే చుట్టి, గట్టిగా కుట్టి, మిద్దె మీద నుంచి కింద బండ మీద వేశా. విప్పి చూస్తే మధ్యకి చీలిపోయింది. ఇంకో సొరకాయకి టీవీ అట్టపెట్టెలో వచ్చిన థర్మాకోల్ కట్టి వేశా. థర్మాకోల్ తునకలైంది. కాయకి సొట్ట పడింది, అంతే. మీ పెదనాన్న కింద నిలబడి చూస్తన్నాడు. "ఇంకోటి వెయ్యనా?" అని అడిగితే "చాల్లే, దిగు" అన్నాడు. ఆ పూట సొరకాయ కూర వండుకోలా. పారేశా.

అదే నా కళ్ళ ముందు తిరుగుతా ఉంది. ఆ తనిఖీ ఆవిడ బద్ధకించి వేలు పెట్టకపోతే? నిన్ను కొండ మీద నుంచి పంపించేవాళ్ళు. నువ్వు మన ఇంటి వాసన వస్తందని మురిసిపోతా దిగేదానివి. నీ తల ఆ కాయ లాగా, నా కుట్టులో. నన్ను కాపాడటానికి నేనే చేశానని చెప్పావంట. నీ తలే లేకపోతే ఎవరు చెప్పేవాళ్ళే?

నువ్వు దాచావని నాకు కోపం ఉంది. నేను పగులు చూసి అడగలేదని ఇంకా పెద్ద కోపం. ఇద్దరం ఒకరి మనసు ఒకరం నొప్పించకుండా ఉండబోయి నిన్ను చంపుకునేవాళ్ళం.

వారం నుంచి సూది పట్టలా. వేటపాలెం నుంచి పెళ్ళి పరుపులకి వస్తే వేరేచోట కుట్టించుకోమన్నా. మీ పెదనాన్న ఒక్కడే ఏకి, ఒక్కడే కూరతా ఉన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలవక అన్నం వండి పెడతన్నాడు కూడా. ఉప్పు ఉండట్లా.

అరకు పోవద్దమ్మా. చేతులు పట్టుకుని అడుగుతున్నా అనుకో. జట్టు పోతే పోనీ. సర్వే ఉద్యోగం ఉంది. ఆ మోకాలి మెత్తలు కూడా నాకు తిప్పి పంపు. నేను చేసింది ఏదీ నీ ఒంటిమీద ఉండటానికి వీల్లేదు. ఈ చేతులతో నీ వస్తువు ఇంక ముట్టను.

ఖుర్షిదా


చీమకుర్తి,
డిసెంబరు 14.

పెద్దమ్మకు మెహర్ సలాం.

"నువ్వు వద్దంటే వెళ్ళను" అని ఒక ఉత్తరం రాసి, చించేశాను. అది అబద్ధం. నిన్ను ఊరుకోబెట్టడానికి రాసిన మాట. మళ్ళీ అలాంటి మాట రాయకూడదనుకున్నాను. నేను అరకు వెళ్తాను. మొదటి పందెం పూర్తి చేశాను, ఇదీ పూర్తి చేస్తేనే జట్టు. పోతే పోనీ అనుకోవడానికి చాలా ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

భయం లేదని రాయను. కూర్గు నుంచి వచ్చాక రెండు ఆదివారాలు డంపు పైకి ఎక్కి, దిగకుండా బండి నడిపించుకుంటూ వచ్చేశాను. రాయి కనబడితే నీ కుట్టు గుర్తొచ్చేది. ఒడిశా వాళ్ళు బకెట్లు కొట్టడం మానేసి, ఏమైందని సైగ చేశారు. మూడో ఆదివారం హయాత్ గారు కొత్త హెల్మెట్ తెచ్చారు. నా ముందే డబ్బా విప్పి, "ఇది ఎలా ఉంటే నీ తల ఆగుతుందో నీ వేలితోనే తెలుసుకో" అన్నారు. లోపలంతా నొక్కాను. రాయిలా ఉంది. అప్పుడు దిగాను. మెల్లగానే దిగాను.

మోకాలి మెత్తలు పంపను. అడగొద్దు. అవి మోకాళ్ళు ఒరుసుకోకుండా చూడాలి, అది చూస్తున్నాయి. తల కాపాడటం వాటి పని కాదు. కూర్గులో ఆ తనిఖీ ఆవిడ వాటిని కూడా నొక్కి చూసి ఏమీ అనలేదు. వేటపాలెం పెళ్ళివారు ఇంకా ఎవరి దగ్గరా కుట్టించుకోలేదని సుభానీ అన్న చెప్పాడు. పెళ్ళికూతురి తల్లి కూడా తన పెళ్ళికి నీ చేతి పరుపే కుట్టించుకుందట, కూతురికీ అదే కావాలట. ఆమెను తిప్పి పంపకు. పెదనాన్న ఉప్పు లేని కూర నువ్వు ఇంకెన్నాళ్ళు తింటావు?

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతున్నాను. అనుమతి కాదు.

పందెం జనవరి 18, ఆదివారం. నువ్వు అరకు రావాలి. సుభానీ అన్న సెలవు పెడతానన్నాడు, పెదనాన్న కూడా వస్తే ఇంకా మంచిది. చీరాలలో రైలెక్కితే విశాఖపట్నం, అక్కడి నుంచి కొండల్లోకి ఇంకో రైలు. నువ్వు విజయవాడ దాటి ఎప్పుడూ పోలేదు, నాకు తెలుసు. శాలువా తెచ్చుకో, అక్కడ చలి.

ఆరోజు పొద్దున తనిఖీ వాళ్ళు హెల్మెట్ చూస్తారు. వాళ్ళు చూసి స్టిక్కరు అంటించాక, అది నీ చేతికి ఇస్తాను. నువ్వు బొటనవేలితో లోపలంతా నొక్కి చూడాలి. పైన, వెనక, రెండు చెవుల దగ్గర. మెత్తగా తగిలితే నేను కొండెక్కను, ఇది నిజంగానే చెబుతున్నాను. గట్టిగా ఉంటే, నా గడ్డం కింద పట్టీ నువ్వే బిగించు. నా వస్తువు ముట్టనన్నావు కదా. నువ్వు ముట్టకుండా పైకి వెళ్ళాలంటే నాకు కాళ్ళు రావు. నాలుగు దిగుళ్ళ తర్వాత కింద కనిపిస్తాను. ఎక్కడైనా పడితే నువ్వు అడగకముందే చెబుతాను, నీకు వినపడేదాకా అరిచి చెబుతాను. ఈసారి ఎంతమంది విన్నా ఫరవాలేదు.

రైలు టిక్కెట్లు తీయడానికి సుభానీ అన్నకు సమయం కావాలి. కాబట్టి నీ జవాబు డిసెంబరు ఇరవై ఎనిమిదిలోగా నాకు అందాలి. రానంటే రానని రాయి, కోపంగా ఉంటే కోపంగానే రాయి. అన్న చేత చెప్పి పంపకు. నీ చేత్తో రాయి పెద్దమ్మా.

నీ
మెహర్